తలంబ్రాల నిమిషం

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం, పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, ఇంట్లో పాత క్యాసెట్లు దాచుకున్నవాళ్లు కూర్చున్న చోట చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడ కుదించారు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద చోటు దొరికిందని అక్కడ ఆగినట్టున్నారు, అలాగైతే ఉండండి, నేనే గట్టిగా మాట్లాడతాను.

నేను ఇంజనీరును కాను. ఇరవై ఏళ్లు పెళ్లి వీడియోల మిక్సింగ్ చేశాను. ఇప్పుడు జనం ఇళ్లలో ఉన్న పాత టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించి పెడుతున్నాను. నన్ను వారానికి ఒకరైనా అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, పెళ్లి వీడియో ఎనభై జీబీ ఉంది. క్వాలిటీ పోకూడదు, సైజు తగ్గాలి, తొందరగా అయిపోవాలి. ఏ సెట్టింగ్ పెట్టమంటారు?" అలాంటి సెట్టింగ్ లేదండీ. ఉంటే నేనే అమ్ముకునేవాణ్ణి. ఈ మూడింట్లో రెండు మీరు చెప్పవచ్చు. మూడోది ఎంత వస్తే అంత. ఏ రెండు మనం చెప్పాలి, దేన్ని దాని మానాన వదిలేయాలి అన్న దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. నేనూ పడ్డాను.

ఆ సంగతి ముందు చెప్పేస్తాను. మా చెల్లెలి పెళ్లి 2003లో. నేనే తీశాను, మూడు మినీడీవీ టేపులు. అప్పట్లో చుట్టాలందరికీ వీసీడీ కావాలి. వీసీడీలో బొమ్మ 352 బై 288. వీడియోకు సెకనుకు 1150 కిలోబిట్లు, ఎవరి పెళ్లయినా, ఏ సీనయినా అంతే. టేపులో ఉన్న బొమ్మేమో 720 బై 576. అంటే చుక్కల లెక్కన నాలుగో వంతు మిగిలింది. సీడీలు కొట్టి అందరికీ పంచాను. కొత్త టేపులు కొనడం దండగని ఆ మూడింటి మీదే ఇంకెవరిదో పెళ్లి తీసేశాను. ఇప్పుడు మా చెల్లెలు అడుగుతుంది, "అన్నయ్యా, తలంబ్రాలప్పుడు నా పక్కన పళ్లెం పట్టుకున్నది పెద్దత్తా, చిన్నత్తా?" అని. వేసి చూశాను. అక్కడ మనిషి లేదు. ఆకుపచ్చ చీర రంగులో నాలుగు గళ్లున్నాయి. వాళ్లిద్దరివీ ఆకుపచ్చ చీరలేనట, అది ఇంకో గొడవ. (నవ్వులు)

విచిత్రమేమిటంటే మిగతా పెళ్లంతా చూడబుద్ధేస్తుంది. పంతులుగారు మంత్రాలు చదవడం, భోజనాలు, అప్పగింతలు, అన్నీ ఒక మాదిరిగా బాగానే ఉన్నాయి. సరిగ్గా తలంబ్రాల దగ్గరే మొహాలు కరిగిపోయాయి. ఇది ఎందుకో తెలిస్తే మిగతా సెట్టింగులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కాసేపు దీని మీదే ఉందాం.

ఫుల్ హెచ్‌డీ బొమ్మ 1920 బై 1080. గుణిస్తే ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. మామూలు వీడియోలో ఒక్కో చుక్కకు సగటున ఒకటిన్నర బైట్లు పడతాయి. ఒక్క ఫ్రేము 3 మెగాబైట్లు దాటింది. సెకనుకు 25 ఫ్రేములంటే 78 మెగాబైట్లు. గంటకు 280 జీబీ! మరి కెమెరాలో 20 మెగాబిట్ల దగ్గర తీస్తే అదే గంట 9 జీబీలో ఎలా ఇముడుతోంది?

రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరులను చూశారా? మొదట ఆస్తిని పూర్తిగా రాస్తారు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఆ తర్వాత పేజీల కొద్దీ "సదరు ఆస్తి", "సదరు వ్యక్తి" అంటూ పోతారు. వీడియోను కుదించి రాసే ఎన్‌కోడర్ అనే సాఫ్ట్‌వేర్ చేసే పనీ ఇదే. ఒక ఫ్రేమును పూర్తిగా రాస్తుంది, దాన్ని ఐ ఫ్రేము అంటారు. ఆ తర్వాత వచ్చేవాటికి "సదరు మండపం, సదరు అరటి చెట్టు, సదరు పంతులుగారి చెయ్యి రెండు చుక్కలు కుడికి జరిగింది" అని రాసుకుంటుంది. వెనక్కి చూసి రాసేవి పీ ఫ్రేములు. వెనక్కీ ముందుకీ రెండు వైపులా చూసి రాసేవి బీ ఫ్రేములు, వాటికి ఇంకా తక్కువ చోటు చాలు. సదరుతో సరిపోని కాస్త తేడా మిగులుతుంది కదా, దాన్ని అలల్లాగా విడగొట్టి, కన్ను పట్టించుకోని సన్నటి అలలను వదిలేస్తుంది. ఈ విడగొట్టే లెక్కను డీసీటీ అంటారు. 1974లో ఆ పేపరు రాసిన ముగ్గురి పేర్లు చెబుతాను, వినండి. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. ఆ చివరి పేరు వినగానే మనవాడే అనిపిస్తుంది, అవునా? మద్రాసు గిండీలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లి ప్రొఫెసరయ్యారు. అహ్మద్ గారు ఈ ఆలోచన మీద పరిశోధనకు డబ్బు అడిగితే మరీ చిన్న సంగతని ఇవ్వలేదట. మీ ఫోనులో ఫొటో నుంచి టీవీలో సినిమా దాకా ఆ చిన్న సంగతి మీదే నడుస్తున్నాయి.

సరే, తలంబ్రాలకు వద్దాం. దోసిళ్ల నిండా బియ్యం. పైనుంచి పడే ప్రతి గింజా వేరే దారిన పోతుంది. కింద పడింది ఎగురుతుంది. పసుపు, ముత్యాలు, ఈమధ్య థర్మోకోల్ గుండ్లు కూడా కలుపుతున్నారు, అవి ఇంకా ఘోరం, ఫ్యాను గాలికి ఎటు పోతాయో వాటికే తెలియదు. దీంట్లో "సదరు" అని రాయడానికి ఏముంది? ఏ గింజా నిన్నటి గింజ కాదు. అంతా కొత్తగా రాయాలి. కానీ వీసీడీ దానికి ఇచ్చింది అవే 1150 కిలోబిట్లు. పంతులుగారు కదలకుండా మంత్రం చదివినప్పుడూ అంతే, బియ్యం వాన కురిసినప్పుడూ అంతే. చంటివాడికీ పొలం దున్ని వచ్చినవాడికీ ఒకే గరిటె అన్నం పెట్టినట్టు. బిట్లు చాలక ఎన్‌కోడర్ మొహాలను వదిలేసి గళ్లు గీసింది.

అందుకని నా మాట, సైజు మీరు ముందు చెప్పకండి. క్వాలిటీ చెప్పండి, ఎంతసేపు ఆగగలరో చెప్పండి. సైజు ఎంత వస్తే అంత.

దీనికి తగిన పద్ధతి ఎప్పుడో వచ్చింది. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మీలో సగం మంది వాడుతూనే ఉంటారు. అందులో కాన్‌స్టంట్ క్వాలిటీ అని ఒక స్లైడర్ ఉంటుంది, పక్కన ఆర్ఎఫ్ అని అంకె. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది వాడేవాళ్లు సీఆర్ఎఫ్ అంటారు, ఒకటే. ఇది ఆకలిని బట్టి వడ్డించడం. పంతులుగారికి తక్కువ, తలంబ్రాలకు ఎక్కువ. వీడియోను కుదించే ఒక్కో పద్ధతిని కోడెక్ అంటారు. హెచ్.264 అనే కోడెక్‌లో ఈ అంకె 0 నుంచి 51 దాకా ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది, ఇక్కడ కొత్తవాళ్లు తిరగేసి అనుకుంటారు. సుమారుగా ఆరు అంకెలు పెంచితే సైజు సగమవుతుంది. ఫుల్ హెచ్‌డీకి 20 నుంచి 24 మధ్య, పాత టేపులకు 18 నుంచి 22 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే చెబుతారు. బొమ్మ చిన్నదైనకొద్దీ అంకె ఎందుకు తగ్గించాలి? ఆ చిన్న బొమ్మనే మీరు 55 అంగుళాల టీవీ మీద సాగదీసి చూస్తారు కాబట్టి, ప్రతి లోపమూ సాగి కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈ అంకె ఒక కోడెక్‌కూ ఇంకో కోడెక్‌కూ పోల్చేది కాదు. హెచ్.264 చేసే ఎక్స్264లో మామూలుగా ఉండేది 23, హెచ్.265 చేసే ఎక్స్265లో 28, ఏవీ1 అనే ఇంకో కోడెక్ అయితే కొలబద్దే 63 దాకా ఉంటుంది. గుంటూరు కారం ఒక చెంచా, పై ఊరి కారం ఒక చెంచా ఒకటే అనుకుని కూరలో వేయరు కదా మీరు.

మరి మీ వీడియోకు 20 పెట్టాలా, 23 పెట్టాలా? నన్నడగకండి, మీ తలంబ్రాలను అడగండి. హ్యాండ్‌బ్రేక్‌లో మొత్తం కాకుండా ఫలానా సెకను నుంచి ఫలానా సెకను వరకే చెయ్యమని చెప్పవచ్చు. మీ వీడియోలో అన్నిటికన్నా కష్టమైన ఒక్క నిమిషం తీసుకోండి. దాన్ని 20లో, 22లో, 24లో మూడుసార్లు చెయ్యండి. టీవీ మీద, మీరు మామూలుగా కూర్చునే దూరంలో కూర్చుని చూడండి. ఆపి ఆపి, ముక్కు ఆనించి చూడకండి, అలా చూస్తే ఏదీ నచ్చదు. తేడా తెలియని అంకెల్లో పెద్దది తీసుకోండి. ఆ నిమిషం బాగుంటే మూడు గంటల పెళ్లీ బాగుంటుంది. చాలామంది టైటిల్స్ దగ్గర ఒక నిమిషం చేసి చూసుకుని, భేష్ అనుకుని రాత్రంతా రెండర్ పెడతారు. టైటిల్స్ ఏ అంకెలో చేసినా బాగానే ఉంటాయి.

తలంబ్రాలు లేని వీడియోల్లో కష్టమైన చోట్లేవి? పుష్కరాల వీడియో అయితే నది నీళ్లు. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి తీసిన అలలు చూడటానికి చల్లగా ఉంటాయి, ఎన్‌కోడర్‌కు మాత్రం చెమటలు. 2016 పుష్కరాల వీడియోలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటాయి, ఘాట్ల దగ్గర జనం, నీళ్లు, నీళ్ల మీద ఎండ మెరుపు, మూడూ కలిపి. చీకట్లో హారతి ఇంకో రకం. అక్కడ వెలుగు నుంచి నీడలోకి మెల్లగా దిగే చోట మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. దానికి 10 బిట్‌లో, అంటే మామూలు 8 బిట్ కన్నా సన్నటి మెట్లతో చెయ్యడం కాస్త మందు.

మన ఊరిది ప్రత్యేకంగా ఒకటుంది. మిర్చి యార్డు. మా తమ్ముడొకడు యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎండు మిరప రాశులు భలేగా తీసి తెచ్చాడు. "అన్నా, 18లో పెట్టినా ఎర్రటి ముద్దలాగే ఉంది" అన్నాడు. అది అంకె తప్పు కాదు. మామూలు వీడియోలో వెలుతురును ప్రతి చుక్కకూ రాస్తారు, రంగును మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒకసారే రాస్తారు. మన కన్నుకు వెలుతురు తేడా తెలిసినంతగా రంగు తేడా తెలియదు కాబట్టి మిగతా చోట్ల ఇది చెల్లిపోతుంది. కానీ ఎరుపుకు వెలుతురు లెక్కలో వాటా తక్కువ, ఐదో వంతు చిల్లర. కాయకూ కాయకూ మధ్య తేడా చాలామటుకు రంగులోనే ఉంటుంది, ఆ రంగేమో నాలుగింటికి ఒకటి. ఇంక ముద్ద కాక ఏమవుతుంది? తీసేటప్పుడే పక్క నుంచి ఎండ పడేలా నిలబడితే కాయల మీద మెరుపూ నీడా వస్తాయి. అవి వెలుతురు తేడాలు కాబట్టి నిలబడతాయి. ఎన్‌కోడింగ్‌లో సరిచేసేది కాదిది.

ఇప్పుడు స్పీడు. ప్రీసెట్లు ఉంటాయి, అల్ట్రాఫాస్ట్ నుంచి వెరీస్లో దాకా, దాని కింద ప్లాసిబో అని ఒకటి. ఈ చివరిది పేరుకు తగినదే, మందు కాదు, మందనుకోవడం. ప్రీసెట్ అంటే లేఖరి "సదరు" అనడానికి పాత పేజీలు ఎన్ని తిరగేసి చూస్తాడన్నమాట. తొందరలో ఉన్నవాడు రెండు చోట్ల చూసి దొరకలేదని కొత్తగా రాసేస్తాడు. ఓపికున్నవాడు అంగుళం అంగుళం వెతికి దొరకబుచ్చుకుంటాడు, కాగితం మిగులుతుంది. అల్ట్రాఫాస్ట్ నుంచి మీడియంకు వస్తే లాభం బాగా తెలుస్తుంది. మీడియం నుంచి స్లోకు కొంచెం. అక్కడి నుంచి కిందికి వెళ్తే గంటలు పెరుగుతాయి, లాభం మాత్రం చిల్లరే. నా వరకు దాచుకునే వీడియోకు స్లో, మిగతావాటికి మీడియం. రాత్రి పెట్టి పడుకుంటాను, కంప్యూటర్ జాగారం చేస్తుంది.

రాత్రనే ఎందుకన్నానంటే మన ఎండల మూలంగా. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, లాప్‌టాప్ ఎంత? ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెల మధ్యాహ్నం మొదలుపెట్టిన పని మొదటి పది నిమిషాలు పరుగెత్తి తర్వాత నత్తనడక అవుతుంది. పాడైపోలేదు, ఉక్కకు తట్టుకోలేకపోతోంది. కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తండి, గాలి ఆడుతుంది. ఒళ్లో, పరుపు మీద వద్దు.

కరెంటు కూడా ఒక విషయం. ఎంపీ4 ఫైలుకు విషయ సూచిక పని మొత్తం పూర్తయ్యాకే రాస్తారు. తొంభై తొమ్మిది శాతం దగ్గర కరెంటు పోతే ఆ ఫైలు తెరుచుకోదు. ఎంకేవీ అనే ఇంకో రకం ఫైలు అయితే అప్పటిదాకా రాసింది చూడవచ్చు. అందుకని ఇన్వర్టర్ లేనివాళ్లు ఎంకేవీలో చేసి, తెల్లారాక ఎంపీ4లోకి మార్చుకోండి. ఇలా డబ్బా మార్చడానికి మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యక్కర్లేదు, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో కాపీ అంటే చాలు, కాస్సేపట్లో అయిపోతుంది, క్వాలిటీ ఇసుమంత తగ్గదు. ఈ సంగతి తెలియక ఎంకేవీని ఎంపీ4 చెయ్యడానికి గంటలు పెట్టేవాళ్లను చూశాను.

గ్రాఫిక్స్ కార్డు సంగతి అడగాలని తమ్ముడు చెయ్యెత్తాడు. చెప్తాను, దించు. ఎన్విడియా కార్డులో ఎన్వెంక్ ఉంటుంది, ఇంటెల్ ప్రాసెసర్లలో 2011 నుంచి క్విక్ సింక్ ఉంది. వీటిలో ఎన్‌కోడింగ్ కోసమే విడిగా చేసిన భాగం ఉంటుంది. స్పీడు చూస్తే మతిపోతుంది. కానీ అది ఫ్యాక్టరీలో నేర్చుకున్నదే చేస్తుంది, ఓపిగ్గా వెతకడం తక్కువ. అదే సైజులో పెడితే ప్రాసెసర్ మీద స్లోలో చేసిందే బాగుంటుంది. కొత్త కార్డుల్లో ఈ తేడా బాగా తగ్గింది, అయినా పోలేదు. నేను వాడనా? వాడతాను. రిసెప్షన్‌లో స్క్రీన్ మీద పొద్దున్న పెళ్లి వెయ్యాలంటే ఇంకేం దారి లేదు. ఇంట్లో దాచుకునే కాపీకి మాత్రం ప్రాసెసరే.

ఏ కోడెక్ అంటారా? హెచ్.264 2003 నాటిది, హెచ్.265 2013, ఏవీ1 2018. కొత్తది అదే క్వాలిటీని తక్కువ చోటులో పెడుతుంది, బదులుగా ఎక్కువసేపు తింటుంది. నేను చూసేది ఒక్కటే, అమ్మమ్మ ఇంట్లో టీవీలో ఆడుతుందా? ఆ టీవీ పాతదైతే హెచ్.264, అదీ 8 బిట్‌లోనే. ఇందాక హారతికి చెప్పిన 10 బిట్ అక్కడ పెడితే నల్ల తెర వస్తుంది, ఫోను మీకే వస్తుంది.

(వెనక నుంచి ఒక పెద్దాయన: "పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమంటారు బాబూ, అప్పుడు సైజు చూసుకోవద్దా?")

మంచి ప్రశ్న అండీ. సైజు ముందు చెప్పక తప్పని చోటు అదొక్కటే. పాత టీవీలకు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ కావాలి, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. రెండున్నర గంటల వీడియో ఉందనుకోండి, అంటే 9000 సెకన్లు. 4 జీబీ అంటే 32,000 మెగాబిట్లు. భాగిస్తే సెకనుకు మూడున్నర మెగాబిట్లు. సన్నాయి మేళానికి 160 కిలోబిట్లు తీసేయండి, అక్కడ పిసినారితనం వద్దు, గట్టిమేళం బొంగురుపోతే బొమ్మ ఎంత బాగుండి ఏం లాభం? మిగిలిన సుమారు 3.3 వీడియోకు. ఇలాంటప్పుడు టూ పాస్ పెట్టండి. మొదటిసారి మొత్తం చూసి ఎక్కడ ఎంత ఆకలో రాసుకుంటుంది, రెండోసారి ఉన్నదాన్ని దాని ప్రకారం పంచుతుంది. ఇంకా తేలికైనది చెప్పనా? రెండు ఫైళ్లుగా కోసి ఇవ్వండి. మధ్యలో లేచి కాఫీ తాగుతారు.

వాట్సాప్‌లో పంపితే పాడైపోతోందని మీరడగబోతున్నారు. వీడియోగా పంపితే అది మళ్లీ తన లెక్కలో నొక్కేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి, 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు పోతుంది.

(ముందు వరసలో ఒకామె: "మా నాన్నగారి షష్టిపూర్తి క్యాసెట్ ఎక్కించాను. కదిలినప్పుడల్లా అంచుల్లో గీతలు గీతలుగా వస్తున్నాయండీ.")

దువ్వెన పళ్లలాగా, అవునా అమ్మా? అది క్యాసెట్ పాడై కాదు. పాత టీవీకి ఒక ఫ్రేమును రెండు సగాలుగా తీసేవారు, ముందు ఒక వరస విడిచి ఒక వరస, తర్వాత మిగిలినవి. మధ్యలో సెకనులో యాభయ్యో వంతు తేడా. ఆ లోపల మనిషి కదిలితే రెండు సగాలూ కలవవు. డీఇంటర్‌లేస్ అని ఉంటుంది, అది పెట్టండి, వీలుంటే సెకనుకు 50 ఫ్రేములుగా చెయ్యండి, కదలిక టేపులో ఉన్నట్టే నున్నగా వస్తుంది. ఎన్‌కోడ్ చెయ్యకముందే ఇది జరగాలి. ఆ దువ్వెన పళ్లు కూడా ఎన్‌కోడర్‌కు తలంబ్రాలే, వాటికీ బిట్లు తగలేస్తుంది. వీహెచ్ఎస్ టేపుల్లో గరగరలాడే చుక్కలూ అంతే, కొద్దిగా డీనాయిజ్ పెడితే సైజు బాగా తగ్గుతుంది. కొద్దిగానే సుమా, ఎక్కువైతే నాన్నగారి మొహం మైనం బొమ్మ అవుతుంది.

అమ్మా, ఇంకొకటి, ఆ క్యాసెట్ పారేయకండి. ఎక్కించిన మొదటి ఫైలు కూడా చెరపకండి. మినీడీవీ అయితే గంటకు 13 జీబీ వస్తుంది, ఇవాళ హార్డ్ డిస్కుల్లో అదొక లెక్కా? మీరు చేసుకునే చిన్న కాపీ చూడటానికీ పంచడానికీ. పదేళ్లకు ఇంకో కోడెక్ వస్తే ఆ పెద్దదాన్నుంచి మళ్లీ చేసుకుంటారు. చిన్నదాన్నుంచి చేస్తే నా వీసీడీలో మా అత్తను వెతికినట్టుంటుంది.

ఫోనులో తీసినవి ఇంకా చిన్నవి చెయ్యాలా అంటే, నేనైతే చెయ్యను. అవి ఒకసారి నొక్కినవే. డిస్కు కొనండి.

సరే, మాటలు చాలు. మొన్న మాచవరంలో తీసిన పెళ్లిలో తలంబ్రాలు తెచ్చాను, వాళ్లను అడిగే తెచ్చాను. ఒకటి కెమెరా నుంచి వచ్చినది, ఒకటి 22లో స్లో, ఒకటి 27లో, ఇంకోటి గ్రాఫిక్స్ కార్డు మీద చేసినది. ఏది ఏదో ఫైలు పేరులో రాయలేదు, ఏ, బీ, సీ, డీ అంతే. కాగితాలు తెచ్చుకున్నారా? మిక్సింగ్ చేసేవాళ్లు పక్కవాళ్లకు అందించకూడదు. తమ్ముడూ, ఆ కిటికీ తలుపు వేసి లైటు ఆపు. మొదట ఏ.